నేరం ఎండది, నింద వానది

రోహిణి కార్తె వెళ్లి మృగశిర చినుకులు పడగానే ఖమ్మం, కొత్తగూడెం, పాల్వంచ షెడ్లలో ఒకటే మాట వినపడుతుంది. "కాళ్ల కింద మ్యాటు తడుస్తోంది. డోర్ బీడింగ్ పోయినట్టుంది, కొత్తది వేసెయ్యండి." మెకానిక్ వేసేస్తాడు. డబ్బులు కట్టి బండి తీసుకుపోయిన మనిషి పెద్దవాన పడ్డ మర్నాడే మళ్లీ వస్తాడు. రబ్బరు కొత్తది, తడి మాత్రం పాతదే.

ఇలా ఎందుకవుతుందో తెలియాలంటే రెండు సంగతులు విడివిడిగా చూడాలి. ఒకటి, తలుపు చుట్టూ ఉండే ఆ నల్ల రబ్బరు ఎందుకు పాడవుతుంది. రెండు, నీళ్లు నిజంగా ఎక్కణ్ణుంచి వస్తున్నాయి. ఈ రెంటికీ మనం అనుకున్నంత దగ్గరి సంబంధం లేదు. రబ్బరును పాడుచేసేది ఎండా దుమ్మూ. వాన వచ్చి ఆ సంగతి బయటపెడుతుంది, అంతే. తడి కనిపించిన ప్రతిసారీ తప్పు రబ్బరుదే కానక్కర్లేదు కూడా.

ముందు ఊరి సంగతి. ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం దాదాపు 120 కిలోమీటర్లు. రాష్ట్రంలో ఎండలు మండిపోయే ప్రాంతాల జాబితా ఎప్పుడు వేసినా ఈ దారిలో ఊళ్లు అందులో ఉంటాయి. మే నెలలో 44, 45 డిగ్రీలు ఇక్కడ వింత కాదు. శ్రీరామనవమికి భద్రాచలం వచ్చి, నీడ దొరక్క పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా ఎండలో నిలబెట్టిన కారు తలుపు తెరిచి, అంచున ఉన్న రబ్బరు మీద వేలు పెట్టి చూడండి. పెట్టిన వేలు వెంటనే తీసేస్తారు. దానికి తోడు సింగరేణి బొగ్గు టిప్పర్లు లేపే నల్లపొడి, థర్మల్ స్టేషన్ల చుట్టుపక్కల బూడిద. గుండాల, ఆళ్లపల్లి, చర్ల వైపు లోపలి దారుల్లో ఎర్రదుమ్ము. కిన్నెరసాని అడవి పక్కన బండి పెడితే బానెట్ మీద టేకాకు, తునికాకు, జామాయిల్ ఆకు. ఎండాకాలం మొదట్లో ఇప్పచెట్టు కింద పెట్టారా, తియ్యటి పూలు రాలి, వాటికోసం చీమలు బారులు తీరి తలుపు సందుల్లోకి దారి కడతాయి. హైదరాబాద్‌లో సెల్లార్ పార్కింగ్‌లో ఉండే కారుకు ఇవేవీ తెలియవు.

ఇప్పుడు రబ్బరు. పాతరోజుల బళ్లలో చెట్టుపాలతో చేసిన సహజ రబ్బరు వాడేవారు. దాని అణువుల గొలుసులో కొన్ని చోట్ల జంట బంధాలుంటాయి. గాలిలో కొద్దిపాటిగా ఉండే ఓజోన్ సరిగ్గా అక్కడే పట్టి తెంపుతుంది. అందుకే పాత జీపుల రబ్బరు, ముఖ్యంగా వంపు తిరిగి సాగి ఉన్న మూలల్లో, సన్నసన్నగా పగుళ్లిచ్చి నెర్రెలు బారేది. 1960ల్లో ఇథిలీన్, ప్రొపిలీన్‌లతో చేసిన ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరు మార్కెట్లోకి వచ్చింది. దాని ప్రధాన గొలుసులో జంట బంధాలు లేవు. ఓజోనునూ ఎండనూ చాలా బాగా తట్టుకుంటుంది. ఇవాళ దాదాపు అన్ని కార్ల తలుపు బీడింగులూ దీనితోనే చేస్తున్నారు.

అయినా ఎందుకు పోతుందంటే, అది చచ్చే తీరు వేరు కనుక. మీ కారు తలుపు బీడింగును ఒకచోట ఊడదీసి అడ్డంగా చూస్తే రెండు భాగాలు కనిపిస్తాయి. ఒకటి గట్టి పట్టు. లోపల ఉక్కు తీగో రేకో ఉండి, బాడీ అంచును కరుచుకుని కూర్చుంటుంది. దాని పక్కన మెత్తని స్పాంజి రబ్బరుతో చేసిన బోలు గొట్టం. తలుపు మూసినప్పుడు నలిగేది ఈ గొట్టమే. తిరిగి ఉబ్బాలన్న దాని ఒత్తిడే నీటినీ గాలినీ ఆపుతుంది. నెలల తరబడి నలిగిన స్థితిలోనే వేడెక్కితే రబ్బరు లోపల కొత్త బంధాలు ఏర్పడి, ఆ నలిగిన ఆకారమే దాని సొంత ఆకారం అయిపోతుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే ఈ ముసలితనం ఇంచుమించు రెట్టింపు వేగంతో వస్తుందని రబ్బరు పనివాళ్ల మోటు లెక్క. కాబట్టి పగుళ్లు లేవు, నల్లగా నిగనిగలాడుతోంది, బాగానే ఉందనుకోవద్దు. చూడాల్సింది మెరుపు కాదు, ఉబ్బు. బొటనవేలితో నొక్కి వదిలితే వెంటనే లేవాలి. తలుపు తెరిచి ఉన్నా చపాతీగా పడి ఉంటే దాని పని అయిపోయింది.

రెండో సంగతి చాలామందికి ఆశ్చర్యంగా ఉంటుంది. కారు తలుపులోకి వాననీరు రాకుండా కట్టడం అసలు దాన్ని తయారుచేసినవాళ్ల ఉద్దేశమే కాదు. అద్దం కిందికీ పైకీ జారాలి కనుక అద్దానికీ తలుపు రేకుకీ మధ్య సందు తప్పదు. అక్కడ బయట ఒక సన్నబీడింగ్ ఉండి చాలా నీటిని తుడిచేస్తుంది. మిగిలింది తలుపు కడుపులోకి దిగుతుంది. దిగనిచ్చి, అడుగంచున ఉన్న చిన్న బెజ్జాల గుండా బయటికి పంపేస్తారు. చెరువుకు అలుగు ఎలాగో తలుపుకు ఆ బెజ్జాలు అలాగ. అలుగు పూడిపోతే కట్ట ఎంత గట్టిదైనా గండి పడుతుంది. బెజ్జాల్లో ఎర్రమట్టి గడ్డకడితే నీళ్లు తలుపులోనే నిలిచి, గుమ్మం మీదుగా లోపలికి పొర్లుతాయి. నింద మాత్రం బీడింగు మోస్తుంది.

ఇది తెలుసుకోవడానికి మెకానిక్ అక్కర్లేదు. వాన వెలిశాక తలుపు గట్టిగా ఊపండి. లోపల గుడగుడమంటే నీళ్లున్నట్టే. తలుపు తెరిచి కింది అంచు తడిమితే రెండు మూడు చోట్ల బెజ్జాలో, కోలగా చీలికలో తగులుతాయి. కొబ్బరి చీపురు పుల్లతో మెల్లగా పొడవండి. ఇనుప తీగ వద్దు, రంగు గీసుకుపోయి అక్కడి నుంచే తుప్పు మొదలవుతుంది. ఒక్కోసారి పుల్ల పెట్టగానే లోటాడు బురదనీళ్లు పాదాల మీద పడతాయి. ఆ రోజుతో సగంమంది సమస్య తీరిపోతుంది. ఖర్చు ఏమీ లేదు.

అక్కడా కాకపోతే వెతుకులాట మొదలుపెట్టాలి. మన దారుల దుమ్ము ఇక్కడ ఉపకారం చేస్తుంది. మట్టిరోడ్డులో కొంతదూరం వెళ్లొచ్చి, కడగకుండానే తలుపులన్నీ తెరిచి చూడండి. బీడింగ్ సరిగా పట్టిన చోట దుమ్ము బయటి వైపే ఆగి గీత గీసినట్టు ఉంటుంది. పట్టు తప్పిన చోట ఆ గీత తెగి, దుమ్ము నాలుకలా లోపలికి చొచ్చుకుపోయి ఉంటుంది. అదే మీకు కావాల్సిన చోటు. వార్తాపత్రిక కాగితం రెండు వేళ్ల వెడల్పు ముక్క చించి, తలుపు మధ్య పెట్టి మూసి లాగడం ఇంకో పద్ధతి. బిర్రుగా వస్తే మంచిదే, జారిపోయి వస్తే అక్కడ ఒత్తిడి లేదు. జానెడుకొకచోట ఇలా లాగుతూ చుట్టూ తిరగాలి. విసుగు పనే, కానీ గంటలోపు అయిపోతుంది.

నీళ్లు కొట్టి చూడదలిస్తే టార్చి పట్టుకుని ఒకరు లోపల కూర్చోవాలి, ఇంకొకరు బయట పైపు పట్టాలి. నీళ్లు మెల్లగా పారాలి. కింద మొదలుపెట్టి పైకి రావాలి, ఒక్కోచోట రెండు నిమిషాలు ఆగాలి. ముందే పైకప్పు మీద పోస్తే అన్నిచోట్లా ఒకేసారి తడిసి ఏది ఎక్కడిదో తెలియదు. వాటర్ సర్వీసింగ్ గన్ను మాత్రం పనికిరాదు. ఆ ఒత్తిడికి మంచి బీడింగ్ కూడా దారి ఇస్తుంది, లేని జబ్బు ఉన్నట్టు తేలుతుంది.

మే నెలలో, వాన చుక్క లేని రోజుల్లో ముందు సీటు కాళ్ల దగ్గర తడి కనిపిస్తే ఇవేవీ చెయ్యకండి. అది ఏసీ నీరు. లోపలి గాలిలోని తేమ చల్లటి కాయిల్ మీద నీరై, సన్నగొట్టం ద్వారా రోడ్డు మీద పడాలి. ఆ గొట్టం చివర దుమ్ముతో మూసుకుపోతే నీరు లోపలికి తిరుగుతుంది. ఏసీ వేసుకుని కాసేపు నడిపాక బండి కింద చుక్కలు పడటం లేదంటే అనుమానం నిజమే. ఈ తడి శుభ్రంగా, చల్లగా ఉంటుంది. జిగటగా, తియ్యటి వాసనతో, రంగుతో ఉంటే మాత్రం అది కూలెంట్. హీటర్ కాయిల్ కారుతోందని అర్థం, షెడ్డుకు పోవాల్సిందే.

తప్పు బీడింగుదేనని తేలిందనుకుందాం. అప్పుడు కూడా వెంటనే కొత్తది కొనక్కర్లేదు. ముందు సబ్బునీళ్లతో, మెత్తటి గుడ్డతో రబ్బరునూ, అది ఆనే రేకునూ తుడవండి. గుడ్డకు వచ్చే నల్లమడ్డి చూస్తే మీకే తెలుస్తుంది. బొగ్గుపొడి పేరుకున్న చోట గొట్టం రేకుకు ఆనదు, ఆ పొడికి ఆనుతుంది. ఆరాక సిలికాన్ గ్రీజు వేలితో పలచగా రాయాలి. అది రబ్బరును మెత్తగా ఉంచుతుంది, ఎండకు రేకుకు అతుక్కుపోకుండా కాపాడుతుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. వానాకాలం ముందు బండి అడుగున డీజిల్ కొట్టించడం మనవైపు చాలాచోట్ల అలవాటు. తుప్పు పట్టదని నమ్మకం. ఆ చేత్తోనే తలుపు రబ్బర్ల మీద కూడా ఒక పిచికారీ కొడతారు, నల్లగా మెరుస్తాయి కనుక కస్టమరు సంతోషిస్తాడు. ఎండనూ ఓజోనునూ తట్టుకునే ఈపీడీఎంకు పెట్రోలియం నూనెలంటే అస్సలు పడదు. డీజిల్, ఇంజన్ ఆయిల్, మామూలు గ్రీజు తగిలితే నూనె పీల్చుకుని ఉబ్బి, మెత్తబడి, సాగిపోతుంది. మెరుపు నాలుగు రోజులుంటుంది, నష్టం ఉండిపోతుంది. రబ్బర్ల దగ్గర డీజిల్ వద్దని పైపు పట్టుకున్న కుర్రాడికి ముందే చెప్పాలి. సిగ్గుపడాల్సిన పని కాదు.

కొన్నిసార్లు రబ్బరు బాగుండి, తలుపే వదులుగా మూసుకుంటుంది. గుంతల రోడ్ల మీద ఏళ్లు తిరిగిన బండికి ఇది మామూలే. తలుపు కొక్కెం పట్టుకునే ఇనుప కొండీ బాడీ స్తంభానికి రెండు స్క్రూలతో బిగించి ఉంటుంది. దాని చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి, స్క్రూలు కొద్దిగా వదులుచేసి, ఒక మిల్లీమీటరు లోపలికి జరిపి బిగిస్తే తలుపు ఆ మేరకు దగ్గరగా పడుతుంది. పెన్సిల్ గీత మర్చిపోతే వెనక్కి రావడానికి గుర్తుండదు. జరిపాక తలుపు రేకు పక్క రేకుతో సమంగా ఉందా, కొక్కెం రెండు దశల్లోనూ పట్టుకుంటోందా చూసుకోవాలి. తలుపు వేలాడుతున్నట్టుంటే మాత్రం అరిగింది బందులు, ఈ చిట్కా చాలదు.

కొత్తది తప్పదంటే, పాతది ఊడదీసి దాని అడ్డకోత కొత్తదానితో పోల్చి చూసుకున్నాకే డబ్బులివ్వండి. మీటర్ల లెక్కన అమ్మే చుట్ట బీడింగులో గొట్టం లావు ఒక్క పిసరు తేడా ఉన్నా తలుపు పడదు, లేదా పట్టదు. ఊడదీశాక బాడీ అంచు రేకు మీద తుప్పుంటే గీకి, ప్రైమరు పూసి, ఆరనివ్వాలి. వేసేటప్పుడు ముందు మూలలు కూర్చోబెట్టి తర్వాత నిడుపు భాగాల్లోకి రావాలి. అరచేత్తో, కావాలంటే రబ్బరు సుత్తితో మెల్లగా తట్టాలి. అతుకు అడుగువైపు రావాలి. అన్నిటికంటే ముఖ్యం, లాగకూడదు. లాగి సరిపెట్టిన రబ్బరు నాలుగు ఎండలకు తన పొడవుకు తాను వెనక్కి ముడుచుకుని మూలల్లో సందు తెరుస్తుంది. కొత్తలో తలుపు గట్టిగా పడుతుంది, కంగారు వద్దు. ఒక అద్దం కాస్త దించి మూస్తే లోపలి గాలికి దారి దొరికి తేలిగ్గా పడుతుంది.

మెకానిక్కులు నొచ్చుకున్నా చెప్పక తప్పని విషయం ఒకటుంది. తలుపు లోపల డోర్ ప్యాడ్ వెనక ఒక ప్లాస్టిక్ షీటు ఉంటుంది, చుట్టూ నల్లటి జిగురు పట్టీతో అతికించి. చూడ్డానికి ప్యాకింగ్ కవర్లా కనిపిస్తుంది. తలుపు కడుపులోకి దిగిన నీరు క్యాబిన్‌లోకి రాకుండా ఆపేది అదే. స్పీకర్లు మార్చినప్పుడో, సెంట్రల్ లాక్ పెట్టినప్పుడో, అద్దం మోటారు బాగుచేసినప్పుడో దాన్ని చించి మూలకు విసిరేసి, ప్యాడ్ బిగించి పంపిస్తారు. ఎండాకాలమంతా ఏమీ తెలియదు. వానలు రాగానే ప్యాడ్ అడుగు నుంచి కారి మ్యాటు తడుస్తుంది. ఇప్పుడు ఎన్ని బీడింగులు మార్చినా ఫలితం ఉండదు. తలుపు పని ఏదైనా చేయించాక ఆ వానాకాలమే తడి మొదలైతే ముందు ఈ షీటే అనుమానించండి. మందపాటి ప్లాస్టిక్ షీటు కోసి బ్యూటైల్ టేపుతో చుట్టూ అతికిస్తే సరిపోతుంది. షీటు అడుగు అంచు తలుపు కడుపు లోపలికే వాలేలా పెట్టాలి, నీరు అటే జారాలి కదా.

ముందు అద్దం దగ్గరి సంగతి రెండు రకాలు. అంబాసిడర్లలో, పాత జీపుల్లో అద్దం చుట్టూ రబ్బరు గాడి ఉండేది. లారీల్లో, బస్సుల్లో చాలావాటికి ఇప్పటికీ అంతే. ఆ అద్దం ఎక్కించే పని చూసి తీరాలి. రబ్బరును అద్దానికి తొడిగి, బయటి గాడిలో చుట్టూ సన్నతాడు దూర్చి, సబ్బునీళ్లు పూసి, అద్దాన్ని చట్రానికి ఆనిస్తారు. ఒకరు బయట నుంచి అరచేతులతో నొక్కుతుంటే లోపలి మనిషి తాడు కొస పట్టుకుని కొంచెం కొంచెంగా లాగుతాడు. తాడు వచ్చిన మేర రబ్బరు పెదవి పైకి లేచి రేకంచు మీదికి ఎక్కి కూర్చుంటుంది. ఈ రబ్బరు ముదిరితే మార్చడం ఒక పూట పని.

ఇప్పటి కార్లలో అద్దాన్ని యూరిథేన్ జిగురుతో అతికిస్తారు. పక్క సీటు ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునేటప్పుడు చాలా కార్లలో ఈ అద్దానికే ఆనుకుంటుంది. ప్రమాదంలో పైకప్పు నిలవడానికీ అద్దం సాయపడుతుంది. కనుక అక్కడ కారుతోందని హార్డ్‌వేర్ షాపు సిలికాన్ ట్యూబు తెచ్చి పైపైన పూయడం తెలివైన పని కాదు. వెనిగర్ వాసన వచ్చే రకం సిలికాన్ అయితే అందులోంచి వచ్చే ఆమ్లం రేకును తినేస్తుంది కూడా. తర్వాత అక్కడ రంగు పట్టదు, పెయింటరు తిట్టుకుంటాడు. అద్దం తీసి మళ్లీ అతికించడమే దారి. అతికించాక జిగురు గట్టిపడే దాకా, ఎంతసేపన్నది ట్యూబు మీద రాసి ఉంటుంది, బండి కదపకూడదు.

అద్దం కింద, వైపర్ల దగ్గర ఆకులు పేరుకునే గాడిని మర్చిపోకండి. అడవి దారి బళ్లకు ఇదే పెద్ద జబ్బు. అక్కడి నీటి దారి మూసుకుపోతే గాడి నిండి, ఏసీ గాలి పీల్చే చోటు నుంచి లోపలికి దిగుతుంది. చేత్తో ఆకులు తీసి ఒక చెంబు నీళ్లు పోసి, చక్రం వెనకగా కారిపోతున్నాయో లేదో చూస్తే చాలు.

దుమ్ము గురించి ఒక్క మాట. మట్టిరోడ్డు రాగానే అందరం ఏసీని లోపలి గాలి మీద పెడతాం. కానీ నడిచే బండి వెనక గాలి ఒత్తిడి తగ్గి దుమ్ము సుడి తిరుగుతుంది, పాతబడ్డ డిక్కీ రబ్బరు సందుల గుండా లోపలికి చొరబడుతుంది. ఫిల్టరు బాగుంటే బయటి గాలి మీదే పెట్టి ఫ్యాను పెంచండి. లోపల ఒత్తిడి కాస్త పెరిగి సందుల్లోంచి గాలి బయటికే పోతుంది. ముందు లారీ దుమ్ము ముంచెత్తుతుంటే, లేదా ఖమ్మం యార్డుకు పోయే మిర్చి బస్తాల బండి వెనక చిక్కుకుంటే మాత్రం లోపలి గాలే మేలు. కళ్లు మండాక సిద్ధాంతం ఎవరికీ గుర్తుండదు.

ఎంత మంచి బీడింగైనా వానకే, వరదకు కాదు. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు వచ్చింది. 2024 సెప్టెంబరు 1న ఖమ్మంలో మున్నేరు పొంగి కాలనీల మీద పడ్డప్పుడు ఇళ్ల ముందు పెట్టిన కార్లు పెట్టినచోటే మునిగాయి. అదే రోజు ఆకేరు వాగులో కారు కొట్టుకుపోయి ప్రాణాలే పోయాయి. అద్దాలు ఎత్తుకుని కూర్చుంటే నీళ్లు రావనుకోవడం ప్రమాదం. తలుపు బెజ్జాల్లోంచి, నేల రేకు బిళ్లల అంచుల్లోంచి, ఏసీ దారిలోంచి లోపలికి వస్తాయి. ఈలోగా బయటి నీటి ఒత్తిడికి తలుపు తెరుచుకోదు. కరెంటు ఉండగానే అద్దం దించి బయటపడాలి. వాగు పొంగుతుంటే అసలు దిగనే కూడదు.

మునిగి తేలిన బండిని ఎండలో పెట్టి తలుపులు తెరిస్తే ఆరదు. మ్యాటు కింద కార్పెట్, దాని కింద దళసరి ఫోమ్ ఉంటుంది. పైన పొడిగా తగిలినా ఫోమ్ వారాల తరబడి నీరు పట్టుకుని ఉంటుంది. సీట్లు విప్పి, కార్పెట్ ఎత్తి, ఫోమ్ బయట ఆరేయాలి. దాని కింద పోయే వైర్ల జాయింట్లు పచ్చబారాయేమో చూడాలి. తలుపు బీడింగులు కూడా ఊడదీయాలి. వాటి పట్టు గాడిలో గోదావరి ఒండ్రు మెత్తగా ఇరుక్కుని నెలల తరబడి తేమ వదలదు, బాడీ అంచు రేకు లోపల్లోపల తుప్పు పడుతుంది. గాడిని బ్రష్షుతో కడిగి, రేకును తుడిచి, రెండూ పూర్తిగా ఆరాకే తిరిగి తొడగాలి.